ఫిట్‌కూ అన్‌ఫిట్‌కూ మధ్య



డాక్టర్లు, ఫ్యాక్టరీల పర్సనల్ ఆఫీసర్లు, యూనియన్ నాయకులు, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుల సిబ్బంది ఒకే వరసలో కూర్చున్న సభ చూడటం నాకిదే మొదలు. ఈఎస్ఐ డిస్పెన్సరీలో డాక్టరుగా ముప్పై ఏళ్లు పనిచేశాను. కిలోమీటరు దూరంలో ఉన్న ఫ్యాక్టరీల లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. వాళ్లూ నా గదికి రాలేదు. మా మధ్య తిరిగిందల్లా దెబ్బతిన్న మనిషీ, అతని చేతిలో కాగితమూ. ఆ కాగితం గురించే ఈ వేళ మాట్లాడతాను.

బాలానగర్‌లో పవర్ ప్రెస్ మీద పనిచేసే కుర్రవాడు నా దగ్గరికి వచ్చేవాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ప్రెస్ కింద పోయాయి. నాలుగు నెలలకు గాయం మానింది. ‘తేలిక పనికి ఫిట్’ అని రాసి పంపాను. మర్నాడే తిరిగొచ్చాడు. “లైట్ డ్యూటీ లేదన్నారు సార్. ఫుల్ ఫిట్ రాయించుకు రమ్మన్నారు. లేకపోతే గేటు లోపలికి రానివ్వరట” అన్నాడు. ఫిట్ అని రాసేశాను కాబట్టి ఈఎస్ఐ డబ్బు ఆగిపోయింది. పనిలోకి రానివ్వరు కాబట్టి జీతమూ లేదు. వారం రోజులు నా గదికీ ఆ గేటుకూ మధ్య తిరిగాడు. చివరికి ‘తేలిక’ అన్న మాట తీసేసి, ‘ఫిట్’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాను. వాళ్లు అతన్ని అదే ప్రెస్ మీద నిలబెట్టారు. మూడు వేళ్ల చేతిలో రేకు నిలిచేది కాదట. నెల తిరక్కుండా తనే మానేశాడు. తర్వాత నాకు కనిపించలేదు.

రికార్డులో అది చక్కగా ముగిసిన కేసు. ప్రమాదం రిపోర్టు అయింది, వైద్యం జరిగింది, డబ్బు అందింది, మనిషి పనిలో చేరాడు. ఎవరి పని వాళ్లం పూర్తిచేశాం. నా సంతకం ఇప్పటికీ నన్ను బాధపెడుతూనే ఉంది.

డబ్బు సంగతిలో మన చట్టాలు తీసిపోయినవి కావు. 1923లోనే పరిహార చట్టం వచ్చింది. 1948 నాటి ఈఎస్ఐ చట్టం కింద 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో పథకం మొదలైంది. జబ్బుచేస్తే జీతంలో 70 శాతం, డ్యూటీలో దెబ్బ తగిలితే 90 శాతం. ఇవన్నీ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. ఎంతో పోరాడి సాధించుకున్నవి, తక్కువ చేయకూడదు. కానీ డబ్బు లెక్కకు తెచ్చుకున్న పట్టికనే మనం బతుకు లెక్కకూ వాడుతున్నాం. బొటనవేలు పోతే 30 శాతం, ఒకే చేతి రెండు వేళ్లు పోతే 20 శాతం అని ఆ పాత పట్టిక. దర్జీ అయినా వాచ్‌మన్ అయినా అంతే. బొటనవేలు కోసి ఇచ్చాక కూడా ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో బాణం వేశాడని, మునుపటి వేగం మాత్రం రాలేదని భారతం చెబుతుంది. ఆ తేడా రాసే గడి మన ఫారాల్లో లేదు. వృత్తి పునరావాస శిక్షణ ఉంది కదా అంటారు. దానికి 40 శాతం వైకల్యం ఉండాలి. నా కుర్రవాడికి 20.

జర్మనీ సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ 1884లో ప్రమాద బీమా చట్టం వచ్చింది. ఒక్కో పరిశ్రమ వర్గానికి ఒక్కో బీమా సంఘం. చందా యజమానులదే. 1890లో బోహుమ్‌లో, ప్రమాదాల్లో దెబ్బతిన్న గని కార్మికుల కోసమే ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి కట్టారు. అలాంటిది ప్రపంచంలో అదే మొదటిది. నన్ను ఆకట్టుకున్నది ఆ భవనం కాదు, ఖర్చు పద్ధతి. వైద్యం, కొత్త పని నేర్పించడం, పింఛను, మూడూ ఒకే సంచిలోంచి. చేతిని బాగుచేసి మనిషిని పనిలో నిలబెడితే జీవితాంతం ఇవ్వాల్సిన పింఛను తగ్గుతుంది. అందుకని ఆ సంఘమే వెంటపడి ఆ పని చేయిస్తుంది. ప్రమాదాలు ఎక్కువైన యజమానికి చందా భారమూ పెరుగుతుంది. ఏడాదిలో ఆరు వారాలు మించి జబ్బు సెలవులో ఉన్న ఉద్యోగిని పిలిచి, తిరిగి ఎలా రాగలవని మాట్లాడాల్సిన బాధ్యత కూడా 2004 నుంచి యజమాని మీదే ఉంది.

మన దగ్గర యజమాని చందా 3.25 శాతం. గాయపడినవాణ్ని తిరిగి తీసుకున్నా అంతే, గేటు దగ్గర ఆపేసినా అంతే. డిస్పెన్సరీ రాష్ట్ర ప్రభుత్వానిది, నగదు ఈఎస్ఐ కార్పొరేషన్‌ది, ప్రమాదం మీద విచారణ ఫ్యాక్టరీల శాఖది. ‘ఆరు నెలల తర్వాత ఈ మనిషి పనిలో ఉన్నాడా’ అన్న ప్రశ్న నా సర్వీసులో నేను నింపిన ఏ ఫారంలోనూ లేదు.

పాత పని చేయలేని మనిషికి వేరే పని వెతకడం మాటవరసకు కాదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒకాయనకు రంగులు గుర్తుపట్టే చూపు లేదని తేలితే, సంస్థ ఉద్యోగం నుంచి దించేసింది. తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో కోర్టు తీర్పు ఇచ్చింది. సంస్థ మనస్ఫూర్తిగా వెతకనేలేదని తప్పుపట్టింది. అది ప్రభుత్వ సంస్థ, వెనక యూనియన్ ఒప్పందం ఉంది. పదిమంది పనిచేసే షెడ్డులో ఈ మాట ఎవరు అడుగుతారు?

ఇక్కడొక హెచ్చరిక. ‘త్వరగా పనిలోకి’ అన్న మాటను కొందరు ఆత్రంగా అందుకుంటారు. నలభై ఎనిమిది గంటలు పనికి రాలేకపోతే ప్రమాదాన్ని ఫ్యాక్టరీల శాఖకు తెలపాలన్నది పాత ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. అందుకని చేతికట్టుతోనే మనిషిని ఆటోలో తెచ్చి, హాజరు వేయించి, రోజంతా బల్ల మీద కూర్చోబెట్టి పంపడం నాకు తెలుసు. అది పనిలోకి తిరిగి రావడం కాదు, ప్రమాదాన్ని దాచడం. యూనియన్ వాళ్లకు లైట్ డ్యూటీ అంటే అనుమానం అందుకే. ఆ అనుమానం న్యాయమైనదే.

అయినా ఒక్క కాగితంతో మొదలుపెట్టవచ్చని నా నమ్మకం. ప్రమాదం జరిగిన వారంలోపు ఫ్యాక్టరీవాళ్లు, కార్మికుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, అతని పనేమిటో రాయాలి. ఎన్ని కిలోలు ఎత్తాలి, ఎన్ని గంటలు నిలబడాలి, రెండు చేతులూ కావాలా, నిచ్చెన ఎక్కాలా. అది డిస్పెన్సరీకి రావాలి. డాక్టరు ‘ఫిట్, అన్‌ఫిట్’ అని కాక, ఏది చేయగలడో, ఏది ఎన్నాళ్లు చేయకూడదో దానికింద రాయాలి. నకలు బ్రాంచి ఆఫీసుకు వెళ్లాలి, రోజుకు నాలుగు గంటలే పనిచేయగలిగితే మిగతా సగానికి నగదు అందేలా. నియమాలు మారాల్సింది ఈ ఒక్కచోట. మిగిలినదానికి ఫోన్లు చాలు.

చిన్న షెడ్డుకు తేలిక పని నిజంగానే ఉండకపోవచ్చు. కానీ బాలానగర్‌లో షెడ్డు పక్కన షెడ్డే. ఒకరి దగ్గర స్టోర్స్, ఒకరి దగ్గర ప్యాకింగ్, ఒకరి దగ్గర తయారైన సరుకు తనిఖీ. జీతం పాత యజమానిదే, కూర్చునే చోటు పక్కవాళ్లది. యజమానుల సంఘం పూనుకుంటే మూడు నెలలు ఒక మనిషిని సర్దడం కష్టమేమీ కాదు. కాంట్రాక్టు కార్మికుడి సంగతే కఠినం. అతను కోలుకునేలోపు కాంట్రాక్టరు మారిపోతాడు. తిరిగి వెళ్లడానికి అతనికి ఏ గేటూ ఉండదు. ప్రమాదం ఎవరి ఆవరణలో జరిగిందో, తిరిగి తీసుకునే బాధ్యతా ఆ ప్రధాన యజమానిదే అని ఈ సభ తీర్మానించాలని కోరుతున్నాను.

మధ్యాహ్నం చర్చకు ఆ కాగితం నమూనా తెచ్చాను. పవర్ ప్రెస్ పనికి నింపి చూశాను. నేను ప్రెస్ ముందు ఎప్పుడూ నిలబడినవాణ్ని కాదు. నిలబడినవాళ్లు ఈ సభలో ఉన్నారు. భోజనాల దగ్గర ఒక్క పది నిమిషాలు కూర్చుని, నేను తప్పు రాసినచోట దిద్దిపెట్టండి.