ఎర్ర జెండా పెట్టె
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళొచ్చినవాడు నయాగరా జలపాతం గురించి మాట్లాడి తీరాలని మన సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇప్పటికే మీరంతా నయాగరాలో నాలుగైదు సార్లు తడిసి ముద్దయ్యారు కనుక నేను మిమ్మల్ని మళ్ళీ తడపను. నేను చూసింది ఒక పోస్టు డబ్బా. దాని గురించే చెబుతాను.

2018 వేసవిలో మా అబ్బాయి మా ఇద్దరినీ ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ దగ్గర ఉన్న వాళ్ళింటికి తీసుకువెళ్ళాడు. అయిదు నెలలున్నాము. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవలు బడికో వేసవి క్యాంపుకో వెళ్ళిపోయేవారు. ఇక వీధిలో నరమానవుడు కనబడడు. కూరగాయల బండి లేదు, పాత పేపర్లవాడు లేడు. మా ఆవిడ రెండు రోజులు చూసి, "ఏమండీ, ఊళ్ళో కర్ఫ్యూ ఏమైనా పెట్టారా?" అని అడిగింది.

ఆ కర్ఫ్యూలో రోజూ మధ్యాహ్నం రెండింటికి ఒక బండి వచ్చేది. పోస్టు బండి! ఆ దేశంలో కార్లన్నిటికీ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కదా, ఈ బండికి మాత్రం మన బళ్ళలాగే కుడివైపు. బండి దిగకుండానే రోడ్డు పక్క పెట్టెల్లో ఉత్తరాలు వేయడానికి ఆ ఏర్పాటు. "చూశావురా, ఈ దేశంలో సరైన పక్కన కూర్చున్నది మా డిపార్టుమెంటు వాళ్ళొక్కరే" అన్నాను మావాడితో. వాడు నవ్వలేదు. వాడిది కంప్యూటరు ఉద్యోగం.

ప్రతి ఇంటి ముందూ ఒక గుంజ, దాని మీద రైలు సొరంగం ఆకారంలో ఒక రేకు పెట్టె. 1915లో తపాలా శాఖ ఇంజనీరు ఒకాయన తయారుచేసిన నమూనా అట. పెట్టె పక్కన చిన్న ఎర్ర జెండా. మనం పంపే ఉత్తరానికి స్టాంపు అంటించి మన పెట్టెలోనే పెట్టి జెండా ఎత్తితే చాలు, పోస్టావిడ అది తీసుకుని జెండా దించి వెళుతుంది. ముప్పై ఆరేళ్ళు సర్వీసు చేసిన నాకు, పోస్టు డబ్బా నడిచి మన గుమ్మంలోకి వచ్చినట్టు అనిపించింది. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న మిత్రుడికి ఆ అయిదు నెలల్లో పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కొక్క దానికి డాలరు పదిహేను సెంట్లు. ఆయన మీద ప్రేమతో రాశానని ఆయన అనుకుంటున్నారు. నిజం చెప్పాలంటే జెండా ఎత్తడం కోసం రాశాను.

ఆ పెట్టె కొనేది ఇంటివాళ్ళే అయినా, అందులో స్టాంపు లేని ఉత్తరం వేయకూడదని 1934 నుంచి చట్టం. మాకు తెలియదు. మా ఆవిడ పక్కింటావిడ కోసం సున్నుండలు పొట్లం కట్టి ఆవిడ పెట్టెలో పెట్టబోతుంటే మావాడు పరుగెత్తుకొచ్చి, "అమ్మా, ఫెడరల్ గవర్నమెంటు ఊరుకోదు!" అన్నాడు. సున్నుండలకే ఇంత హడావుడి చేశారు గానీ, ఇదే ఒహాయోలో 1913లో, పార్సిల్ పోస్టు మొదలైన నెలలోనే, ఒక దంపతులు తమ పసిపిల్లాణ్ణి 15 సెంట్ల స్టాంపులతో, 50 డాలర్లకు ఇన్సూరు చేసి, మైలు దూరంలోని బంధువుల ఇంటికి పోస్టులో పంపారు. పిల్లవాడు క్షేమంగా డెలివరీ అయ్యాడు. ఆ తరువాత పిల్లల్ని పంపకూడదని నిషేధించారు లెండి.

ఆ పక్కింటావిడ ఎనభై దాటిన మనిషి. ఒంటరిగా ఉండేది. రోజూ రెండింటికి కర్ర ఊతంతో వచ్చి పెట్టె తెరిచేది. వచ్చేవన్నీ కూపన్లు, ప్రకటనలే. నేను కిటికీలోంచి చెయ్యి ఊపేవాణ్ణి, ఆవిడా ఊపేది. అంతవరకే మా పరిచయం.

ఆగస్టులో ఒకరోజు ఆవిడ బయటికి రాలేదు. నేను చూశాను. చూసి, పరాయి దేశం, మనకెందుకులే అనుకుని కాఫీ తాగాను. మరునాడు పోస్టావిడ ఆ పెట్టె తెరిచి, నిన్నటి ఉత్తరాలు అలాగే ఉండడం చూసి బండి దిగింది. ఆవిడను నేలమీద చూడడం నాకదే మొదటిసారి. కిటికీలో నన్ను చూసి ఇటు వచ్చింది. ఆమె ఇంగ్లీషు నాకు సగం, నాది ఆమెకు సగం అర్థమైంది. "నిన్న?" "నో." "ఇవాళ?" "నో." అది చాలింది. ఇద్దరం వెళ్ళి తలుపు కొడితే లోపల్నుంచి సన్నగా మూలుగు వినిపించింది. పోస్టావిడ ఫోను చేస్తే నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. ముందురోజు ఉదయం స్నానాలగదిలో పడిందట, తుంటి విరిగింది. ఇంకొక్క పూట ఆలస్యమైతే ఏమయ్యేదో.

పేరుకుపోయిన ఉత్తరాలు చూసి వాకబు చేయడం 1982 నుంచి అక్కడ ఒక పథకంగానే ఉందని తరువాత తెలిసింది. మన పల్లెల్లో మనియార్డరు పట్టుకెళ్ళిన పోస్టుమాన్ ఏ పథకమూ లేకుండానే అవ్వ తిన్నదో లేదో కనుక్కుని వచ్చేవాడు. ఆ డిపార్టుమెంటు మనిషినే నేనూ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా తిరుగు ప్రయాణానికి వారం ముందు మా పెట్టెలో ఒక కార్డు వచ్చింది. పక్కింటి నుంచే, పదిహేను అడుగుల దూరం. చట్టప్రకారం 50 సెంట్ల స్టాంపు అంటించి పోస్టులో వేసింది. అది ఊళ్ళోకి వెళ్ళి, సార్టింగు అయి, మూడో రోజున మా ఇంటికి చేరింది. మావాడు పడీపడీ నవ్వాడు. నేను మాత్రం ముద్ర చూశాను, చక్కగా పడింది. నా పేరు ఆవిడకు తెలియదు కదా, 'కిటికీలోని పెద్దమనిషికి' అని రాసింది. లోపల కృతజ్ఞతలు. మన భాషలో చెప్పాలంటే అది మిస్‌సెంట్ ఉత్తరం. చేరాల్సింది పోస్టావిడకు. ఆ మాటే జవాబుగా రాసి, నిన్న చూసి కూడా ఊరుకున్నానని కూడా రాసి, స్టాంపు అంటించి, జెండా ఎత్తి వచ్చాను.

సున్నుండలు మాత్రం మా ఆవిడ చేతికే ఇచ్చి వచ్చింది. సెలవు.