ఒక్క మనిషికి రెండు ఓపీ చీటీలా?

ఈరోజు పట్టా అందుకుంటున్న క్లినికల్ సైకాలజీ విద్యార్థులకు అభినందనలు.

రేపు మీ ఓపీకి తాగుడూ డిప్రెషనూ రెండూ ఉన్న మనిషి తప్పకుండా వస్తాడు. చాలాచోట్ల అతనికి దొరికే జవాబు ఒకటే: ముందు తాగుడు మానెయ్, మిగతాది తర్వాత చూద్దాం. డీ-అడిక్షన్‌కి ఒక చీటీ, సైకియాట్రీకి ఇంకో చీటీ. ఈ పద్ధతి తప్పని చెప్పడానికే వచ్చాను.

మెదడులో ఈ రెంటికీ మధ్య గోడ లేదు. మద్యం మొదట్లో డోపమిన్ పెంచి హుషారిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంతోషపు వ్యవస్థ మొద్దుబారి, అమిగ్డలా ప్రాంతంలో సీఆర్‌ఎఫ్ వంటి ఒత్తిడి రసాయనాల జోరు పెరుగుతుంది. పరిశోధకుడు జార్జ్ కూబ్ వ్యసనపు చీకటి పార్శ్వం అన్నది దీన్నే. అప్పుడు తాగేది సుఖానికి కాదు, బాధ ఆపుకోవడానికి. "మానేస్తే బతకాలనిపించట్లేదు సార్" అంటే సాకు అనుకోకండి. ఆత్మహత్య ఆలోచనల గురించి అప్పుడే, సూటిగా అడగండి.

అలాగని తొలిరోజే మేజర్ డిప్రెషన్ అని రాసెయ్యొద్దు. 1988లో పరిశోధకులు బ్రౌన్, షుకిట్ చూసిన మద్యం రోగుల్లో చేరేటప్పుడు 42 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు ఉంటే, మానిన నాలుగు వారాలకు 6 శాతం మందికే మిగిలింది. ఇంకో జాగ్రత్త: తాగుడు బాగా ముదిరినవాళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మందు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తింది అందుకే. అక్కడ పని డాక్టర్లది, మీరు అడ్డు రాకండి!

మీ పని సాయంత్రం ఆరింటిది. కూలి డబ్బు జేబులో ఉంటుంది, బెల్టు షాపు దారిలోనే ఉంటుంది. మనసుకు నచ్చే పనులు తిరిగి చేయించే బిహేవియరల్ యాక్టివేషన్, పుస్తకంలో పెద్ద అధ్యాయం. గదిలో ఒక తెల్లకాగితం. ఆరు నుంచి ఎనిమిది దాకా గళ్లు గీసి అతని చేతే నింపించండి: కూతుర్ని ట్యూషన్ నుంచి తేవడం, ఎప్పుడో వదిలేసిన వాలీబాల్. వారం తర్వాత అది నలిగి, సగం ఖాళీగా వస్తుంది. నిండిన గడి దగ్గరే ఆగి, ఆ రోజు మనసెలా ఉందో అడగండి. ఉపదేశాలు వద్దు, భార్య, తల్లి, సర్పంచ్ అందరూ ఇచ్చేశారు.

గోవా ఆరోగ్య కేంద్రాల్లో సంగత్ సంస్థ దగ్గర శిక్షణ పొందిన మామూలు మనుషులే డిప్రెషన్‌కీ, హానికరమైన తాగుడుకీ విడివిడిగా కౌన్సెలింగ్ చేసి ఫలితం చూపించారు. ఆ ఫలితాలను 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. రెంటినీ ఒకే గదిలో కలపడం మీ వంతు.

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆ ఒక్కరూ మీ గుమ్మం దాకా వస్తే, దయచేసి పక్క గదికి పంపకండి.