గొల్లభామకు రంగు వేసేది ఎవరు?



ముందుకాళ్లు ముడిచి దండం పెడుతున్నట్టు కూర్చునే గొల్లభామను మీరంతా చూసే ఉంటారు. పచ్చది ఒకటి, ఎండుగడ్డి రంగుది ఒకటి కనిపిస్తే రెండూ వేరే జాతులనుకుంటాం. చాలాసార్లు రెండూ ఒకే జాతి. ఊసరవెల్లిలా అప్పటికప్పుడు రంగు మార్చడం దానికి చేతకాదు. ఎదిగే వయసులో అది చాలాసార్లు కుబుసం విడుస్తుంది. రంగు మారేది ముఖ్యంగా అప్పుడే.

ఆ పచ్చదనం ఒక నీలి వర్ణకం, ఒక పసుపు వర్ణకం కలిస్తే వచ్చింది. పసుపుది కెరోటినాయిడ్. గొల్లభామ ఆకు ముట్టదు. ఆకు తిన్న పురుగును తింటుంది, అలా మొక్కలోని పసుపు దాని ఒంట్లోకి చేరుతుంది. గోధుమరంగునిచ్చేవి వేరే వర్ణకాలు.

ఏ రంగు రావాలో ఎక్కువగా గాలిలో తేమ, వెలుతురు తేలుస్తాయి. తేమ ఉంటే పచ్చన, పొడిగా ఉంటే గోధుమ. గడ్డిని పచ్చగా ఉంచే వానే పురుగునూ పచ్చబరుస్తుందన్నమాట. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో గడ్డి తగలబడిన చోట కొన్ని జాతులు తర్వాతి కుబుసంతో నల్లబడతాయి. కానీ రెక్కలొచ్చాక కుబుసం ఉండదు. ఆ తర్వాత వానలు ముఖం చాటేస్తే, పచ్చని పురుగు ఎండుగడ్డిలో చిక్కుకుంటుంది.

అలా చిక్కితే ఏమవుతుంది? ఇటలీలో డి చెస్నోలా అనే పరిశోధకుడు ఇదే పరీక్షించి 1904లో ప్రకటించాడు. గొల్లభామలను దారంతో గడ్డికి కట్టాడు. పచ్చగడ్డిలో 20 పచ్చవి, ఎండుగడ్డిలో 20 గోధుమవి పెడితే 17 రోజుల తర్వాత కూడా అన్నీ బతికే ఉన్నాయి. ఎండుగడ్డిలో కట్టిన 25 పచ్చవీ 11 రోజుల్లో చచ్చిపోయాయి. పచ్చగడ్డిలోని 45 గోధుమవాటిలో మిగిలినవి 10. ఎక్కువ వాటిని పక్షులే తిన్నాయి. ఇంత తేటగా సంగతి చెప్పిన ప్రయోగాలు నాకు చాలా కొద్దిగా తెలుసు.

రంగు దాక్కోవడానికే కాదు, వేటకూ పనికొస్తుంది. ఆగ్నేయాసియాలోని ఆర్కిడ్ గొల్లభామ తెలుపు, గులాబీ రంగుల్లో పువ్వులా ఉంటుంది. మలేషియాలో పరిశోధకులు గమనిస్తే, అక్కడ ఎక్కువగా పూసే పువ్వుకంటే దాని దగ్గరికే ఎక్కువ కీటకాలు వచ్చాయి.

రోజూ రంగు మారేవి గొల్లభామ కళ్లు మాత్రమే. చీకటి పడితే నల్లబడతాయి, తెల్లారితే మామూలవుతాయి.

దానికి విషం లేదు, భయపడకండి. పెరట్లో కనిపిస్తే దాని రంగు, ఆ నెల, వాన పడిందా లేదా, చుట్టూ గడ్డి ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి ఉంచండి. పిల్లలతోనూ రాయించండి.