పండుగనాటి వంటయిల్లు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు మాటలాడుట ఆచారము. ఆ అంకెలన్నియు నివేదికయందున్నవి, తీరికగా చదువుకొనగలరు. నేడు నేను మీతో వంటను గూర్చి మాటలాడదలచితిని. వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. నవ్వుడు, కాని వినుడు.

నల్లగొండ, కరీంనగరము, వరంగల్లు ప్రాంతముల నుండి మన పెద్దలు షోలాపురమునకును, బొంబాయికిని, ఈ భీవండికిని మగ్గమును నమ్ముకొని వచ్చిరి. వచ్చునపుడు వారు తెచ్చుకొన్న ఆస్తి రెండే: చేతిలోని పని, నోటిలోని మాట. చేతిపని మరమగ్గముపై నిలిచినది. మాట మాత్రము ఇంటింట సన్నగిల్లుచున్నది. తండ్రికి పన్నెండు గంటల పాళీ. ఒక వారము పగలు, ఒక వారము రాత్రి. తల్లి ఇంటిపనితోపాటు గుడ్డకు దారములు కత్తిరించును, కండెలు చుట్టును. పిల్లవాడు వీధిలో హిందీయు, బజారులో మరాఠీయు మాటలాడును. ఇక ఇంటిలో మిగులు తెలుగు ఎంత? తిన్నావా, పడుకో, ఫీజు ఎప్పుడు కట్టవలె? ఇంత మాత్రపు సంభాషణతో ఏ భాషయు బ్రతుకదు.

బడియున్నది కదా అందురు. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో దొరకుటకు ఏర్పాట్లు చేయవలెనని చెప్పుచున్నది. మంచిదే. కాని చట్టము తరగతిగది వరకే రాగలదు. పాఠములో ‘దోరగా’ అను మాట వచ్చినపుడు నిఘంటువు చూచి అర్థము చెప్పగలను. పిల్లలు వ్రాసికొందురు, పరీక్ష ముగిసిన మరునాడు మరతురు. నువ్వులు పెనముపై చిటపటలాడుచుండగా తల్లి ‘మాడనీయకు, దోరగా ఉన్నప్పుడే దించు’ అనినచో ఆ పిల్ల ఆ మాటను జన్మలో మరువదు. తీగపాకము, ఉండపాకము, జారుడుపిండి, చిటికెడు, పిడికెడు, దోసెడు... ఇట్టి మాటలు మా నల్లబల్లపై పుట్టవు. పండుగనాటి పొయ్యివద్దనే పుట్టును.

సంక్రాంతి సకినములనే చూడుడు. కొత్త బియ్యమును నానబోసి, నీరు వడకట్టి, తడిపిండి పట్టించి జల్లించవలెను. నువ్వులు, వాము, ఉప్పు కలిపి మెత్తగా పిసుకవలెను. మొదట పిండితోనే గౌరమ్మను చేసి పసుపు కుంకుమలు పెట్టి, తరువాత పరచిన గుడ్డపై వ్రేళ్ళతో పిండిని పేనుచు చుట్టునకు చుట్టు తిప్పవలెను. నూలు పేనిన జాతికి ఈ విద్య వేరుగా నేర్పనక్కరలేదని నా నమ్మకము! సకినము ఒక్కచేతి వంట కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు కూర్చుండినగాని గంప నిండదు. ఆ కూర్చున్న రెండు మూడు గంటలలో ఊరి సంగతులు, పెళ్ళి సంబంధములు, పొడుపుకథలు, ఎత్తిపొడుపులు అన్నియు తెలుగుననే సాగును. ప్రక్కన కూర్చుండి వంకరటింకరగా చుట్టు తిప్పు పిల్ల ఆ పూట నేర్చుకొను భాష మా వాచకములో ఆరునెలల పాఠములకు సమానము. నేను ఆడపిల్లలను మాత్రమే ఉద్దేశించుట లేదు. మగపిల్లవాడు పిండి పిసికినచో చేయి అరిగిపోదు.

బతుకమ్మ సంగతి మరియు గొప్పది. తెలంగాణ ప్రభుత్వము 2014లో దానిని రాష్ట్రపు పండుగగా ప్రకటించినది. మన యాడువారు అంతకు చాలకాలము ముందే దానిని ఈ మరాఠీ గడ్డపై పేర్చుచుండిరి. గునుగు, తంగేడు దొరకనిచోట కల్యాణము బజారు బంతిపూలతో సరిపెట్టుకొనిరి. ఆ తొమ్మిది దినములలో పెక్కింటి పేర్లు వంటపేర్లే యని మీ పిల్లలకు తెలియునా? ఎంగిలిపూల బతుకమ్మ తరువాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు, ఆరవనాడు అలిగిన బతుకమ్మ, నైవేద్యము లేదు, పిదప వేపకాయలు, వెన్నముద్దలు, చివర సద్దులు. దేవత అలిగి అన్నము మానుట, మరునాడు బియ్యపుపిండిని వేపకాయల రూపున వేయించి పెట్టి బ్రతిమాలుట... ఇంత చక్కని కథను ఏ పాఠ్యగ్రంథ సంఘము కల్పింపగలదు?

సద్దులకు కావలసినవి అన్నము, చింతపండు, నువ్వులు, కొబ్బరి, పెరుగు. మలీదకు రొట్టె, బెల్లము, కొంచెము నేయి. ఇందులో ధనికుని వస్తువు ఒక్కటియు లేదు. ఈ మాట ఎందుకు చెప్పుచున్నాననగా, పండుగ వచ్చుచున్నదనిన యజమాని వద్ద బాకీ తీసికొని, పెద్ద డబ్బాలతో మిఠాయి తెచ్చి, ఆ బాకీ తీరువరకు అదే మగ్గమునకు కట్టుబడి యుండు వారిని నేనెరుగుదును. అప్పుచేసి పప్పుకూడు తినరాదని మనవారే చెప్పిరి. బజారు మిఠాయి డబ్బా తెరచుటకు ఒక నిముషము చాలును. అందు పిల్లకు వినబడు మాట ఒక్కటియు లేదు. ఖరీదైన దానికంటె చౌకయైనదే ఇచట ఎక్కువ ఫలమిచ్చుచుండగా అప్పు ఎందులకు?

ఇరుగుపొరుగు మరాఠీవారికి దూరముగా నుండుడని నా భావము కాదు. మన ఉగాదియు, వారి గుఢీ పాడ్వాయు ఒక్క చైత్ర శుద్ధ పాడ్యమినాడే. మనము వేపపూత, కొత్త చింతపండు, బెల్లము, మామిడి, ఉప్పు, కారములతో పచ్చడి చేయుదుము. వారు లేత వేపాకును బెల్లముతో నమలుదురు. మన భక్ష్యములు వారి పూరణ్‌పోళీ. శనగపప్పు ఉడికిన నీటిని మనము పప్పుకట్టు అందుము. వారు ‘కట్’ అని, దానితో కటాచీ ఆమటీ కాచుదురు. చవితికి మనవి కుడుములు, వారివి ఉకడీచే మోదక్. ఒక గిన్నె అటు పంపుడు, ఒక గిన్నె ఇటు రానిండు. తన వంటపేరు తనకు తెలిసిన పిల్లవాడే పరుల వంటకు పేరు అడుగగలడు.

మరియొక మనవి. మన వీధులలో ఇల్లాలు, పిల్లలు ఊరియందుండగా ఒంటరిగా వచ్చి మగ్గము నడుపువారు ఎందరో కలరు. వారికి భిస్సీయే భోజనశాల. ఆ భిస్సీలు నడుపు స్త్రీల శ్రమ తక్కువది కాదు. బొంబాయి మిల్లు కార్మికులకు అన్నము వండిపెట్టు అట్టి స్త్రీలనే 1975లో ప్రేమా పురవ్ గారు అన్నపూర్ణా మహిళా మండలముగా సంఘటితము చేసిరి. అయినను పండుగనాడు భిస్సీ పళ్ళెము పళ్ళెమే. ప్రతి ఇంటివారును ఒక్కరిని, రాత్రిపాళీకి పోవుటకు ముందు, విస్తరివద్దకు పిలువలేరా? మీ పిల్లయే వడ్డించవలెను. వచ్చినవారిని అంకుల్ అని కాక వరుస తెలిసికొని పిలువవలెను. ‘కాక’ అను పిలుపు మరాఠీలోను ఉండుటచే ఎట్లో నిలిచియున్నది. పెద్దబాపు, చిన్నమ్మ, మేనత్త మాత్రము మన వీధినుండి తరలిపోవుచున్నారు. ఊరినుండి కొత్తగా వచ్చిన మనిషి నోట పిల్లలు వినునది కలగాపులగము కాని తెలుగు. అతిథికి అన్నము, పిల్లలకు మాట; ఎవరికి ఎక్కువ లాభమో నేను చెప్పజాలను.

ఇక అసలు పని. రాబోవు సంవత్సరము అయిదవ తరగతి మొదలు పై తరగతులవారందరికి ఒక వ్రాతపని ఇచ్చుచున్నాము. ప్రతి పిల్లయు, పిల్లవాడును తన ఇంటి పండుగ వంట నొకదానిని, వండుచున్న తల్లివద్ద గాని నాయనమ్మవద్ద గాని కూర్చుండి, ఆమె చెప్పినది చెప్పినట్లు ఒక పుటలో వ్రాసి తేవలెను. తల్లులలో వ్రాయరానివారు సిగ్గుపడనక్కరలేదు. మీరు చెప్పుడు, వ్రాయుట బిడ్డ పని, అందులకే గదా బడికి పంపుచున్నారు. మీ మాటను మేము గ్రాంథికముగా దిద్దము. అక్షరదోషములను మాత్రమే దిద్దెదము. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక యను పాత లెక్కలో చెప్పినచో గణితము మాస్టరుగారు వానిని తరగతిలో లెక్కగా చేయించెదరు. గ్లాసులతో చెప్పినను సమ్మతమే. కాగితము బడియే ఇచ్చును. మొదటి పుటలు దసరా సెలవుల పిమ్మట, మిగిలినవి సంక్రాంతి గడచిన వారములో తరగతి ఉపాధ్యాయులకు అందవలెను. కుట్టిన పుస్తకమును వచ్చే వార్షికోత్సవమునాడు ఈ బల్లమీదనే పెట్టెదము.