కొండ మీద కూడిక, పెట్టెలో గొంతు



గిడుగు రామమూర్తి పంతులు గారి స్మారకోపన్యాసం అనగానే వ్యావహారిక భాషోద్యమం గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. ఆ చరిత్ర నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను పంతులు గారి చెవి గురించి మొదలుపెట్టి వేరే చోటికి వెళతాను.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో కొండల నుంచి సంతకు దిగివచ్చే సవర జాతివాళ్ల మాట విని, ఆ భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలెక్కారు, మన్యం జ్వరం తెచ్చుకున్నారు. ఆ జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. సవర మాటలో గొంతు దగ్గర గాలిని ఠక్కున ఆపే ఒక ధ్వని ఉంది. తెలుగు చెవికి అది ఓ పట్టాన అందదు. దాన్ని పట్టుకుని కాగితం మీదికి ఎక్కించినవాడికే చెవులు వినపడకుండా పోయాయి. అయినా పని ఆపలేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

అవే కొండల్లోకి, అదే కాలంలో, ఇంకొందరు కూడా వెళ్లారు. కెనడా బాప్టిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, కోస్తా వెంట ఉత్తరానికి సాగి, చివరికి సవర కొండల్లో సెరంగో దాకా చేరారు. అది ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లాలో ఉంది. సువార్త చెప్పడానికి వెళ్లినవాళ్లు భాష నేర్చుకోక తప్పలేదు. రోమను లిపిలో సవర రాశారు, బైబిలు భాగాలు అనువదించారు. ఇలా పరాయి లిపుల్లో సవర రాస్తున్న కాలంలోనే 1936లో మంగెయ్ గొమాంగో తన జాతికి సొంతంగా సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశాడు. ఆ కథ వేరే ఉపన్యాసానికి సరిపోతుంది.

ఆ మిషన్ల వెంట వచ్చిందే కూడిక, అంటే ప్రార్థన సభ. మన్యంలో దాన్ని చూసినవాళ్లకు ఆ దృశ్యం తెలుసు. పోడు నుంచి జనం దిగివచ్చాక, పొద్దుగూకాక, పెట్రోమాక్సు లైటు వెలిగిస్తారు. పాట అవుతుంది, ప్రార్థన అవుతుంది, తర్వాత వాక్యం. బయటి నుంచి వచ్చిన బోధకుడు ఒక మాట అని ఆగుతాడు. పక్కన నిలబడ్డ దుభాషి దాన్ని సవరలోకి తిప్పుతాడు. కొన్నిసార్లు ఒక్క వాక్యానికి ఆయన మూడు వాక్యాలు చెబుతాడు. ముందు వరసలో ముసలామె ఏదో అడుగుతుంది. వెనక ఎవరో నవ్వుతారు. దుభాషి ఆమెకు సమాధానం చెబుతాడు, బోధకుడికి మాత్రం ఆ ప్రశ్న తిప్పి చెప్పడు. నా దృష్టిలో ఆ కూడికలో అసలు సంభాషణ అక్కడ జరిగింది. అది రికార్డుల్లో దొరకదు.

ఎందుకు దొరకదో చెబుతాను. కొండ భాషల గొంతు మొదట పట్టింది సర్కారే. గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వేలో భాగంగా, దాదాపు 1913 నుంచి 1929 దాకా గ్రామఫోను రికార్డులు చేశారు. ప్రతి భాషలోనూ చెప్పించడానికి ఆయన ఎంచుకున్న కథ బైబిలులోని తప్పిపోయిన కుమారుడిది. ఆయన చూసుకున్నది వ్యాకరణం. అందులో నేను, నువ్వు, అతను అన్నీ వస్తాయి, విభక్తులు చాలావరకు వస్తాయి, మూడు కాలాల క్రియలూ వస్తాయి. అలా సువార్త కథ ఒకటి ప్రభుత్వం వారి కొలబద్ద అయింది.

ఆ తర్వాత మిషన్ల వంతు. జాయ్ రిడర్‌హాఫ్ అనే అమెరికన్ మిషనరీ హోండూరాస్ నుంచి జబ్బుతో ఇంటికి వెళ్లి, తాను వెళ్లలేని ఊళ్లకు తన మాటను రికార్డు మీద పంపాలనుకుంది. 1939లో లాస్ ఏంజెలెస్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ సంస్థ అలా మొదలైంది. ఇవాళ దాని వారసులు 6,000కు పైగా భాషల్లో, మాండలికాల్లో రికార్డులు ఉన్నాయని చెబుతారు. కరెంటు లేని ఊళ్ల కోసం వాళ్లు అట్టను మడిచి చేసే, రికార్డు వినిపించే పెట్టె కూడా తయారుచేశారు. రికార్డును చేత్తో తిప్పితే చాలు, మాట వస్తుంది. భారత ప్రభుత్వ రేడియో ఎన్నడూ మాట్లాడని భాషలు ఆ అట్టపెట్టెలో మాట్లాడాయి. దానికి నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను.

కానీ వాళ్లు రికార్డు చేసిన పద్ధతి చూడండి. భాష రాసే అలవాటు లేని మనిషి కాగితం చూసి చదవలేడు. అందుకని రెండు భాషలూ వచ్చినవాడు ఒక వాక్యం అందిస్తాడు, ఊరివాడు దాన్ని తన భాషలో చెబుతాడు. మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. తర్వాత కూర్చుని అందించిన గొంతును, మధ్యలో నిశ్శబ్దాన్ని కోసేసి, ఊరివాడి వాక్యాలను కలిపి అతికిస్తారు. వినేవాళ్లకు అది ఒకే మనిషి ధారాళంగా చెప్పిన మాటలా ఉంటుంది. దుభాషి మాయమయ్యాడు. తడబాటు, సందేహం మాయమయ్యాయి. సాధారణంగా ఆ రికార్డు మీద భాష పేరు, ఒక నంబరు ఉంటాయి; గొంతు ఎవరిదో ఉండదు.

ఇప్పుడు ఆ తప్పిపోయిన కుమారుడి కథనే సవర ముంగిట్లో కూర్చుని వినండి. ఆ కథలో ఇల్లు విడిచిపోయిన కొడుకు పందులు మేపడం పతనానికి ఆఖరి మెట్టు. సవర ఇంట్లో పంది ఇంటి ఆస్తి, పండక్కి ఆధారం. కొడుకు తిరిగి వచ్చాక కొవ్విన దూడను కోసి విందు చేయడం ఆ కథలో సంతోషం. సవరలు చనిపోయినవారి పేరిట రాళ్లు పాతి దున్నపోతును బలి ఇచ్చినప్పుడు ఆ మాంసం బతికినవాళ్లకూ చచ్చినవాళ్లకూ మధ్య ఉన్న లెక్క. ఈ కథ విన్న ముసలాయన పంది దగ్గర ఏమనుకున్నాడు? దూడ దగ్గర ఏమనుకున్నాడు? ఆయన ఏదో అని ఉంటాడు. ఆ మాట కోసేసిన టేపు ముక్కల్లోనే పోయింది.

సవర కొండల్లో మాటకు ఒక ప్రత్యేక స్థానం ఉండేది. పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1970ల మధ్యలో అక్కడికి వెళ్లి, బతికినవాళ్లు చనిపోయినవాళ్లతో చేసే సంభాషణలను రికార్డు చేసి, పదం పదం రాసుకున్నాడు. పూనకంలో ఉన్న గురువు నోట చనిపోయినవాళ్లు మాట్లాడతారు. ఇంటివాళ్లు వాళ్లతో వాదిస్తారు, ఏడుస్తారు, నిలదీస్తారు, క్షమించమంటారు. ఏళ్ల తరబడి ఇది సాగుతుంది. ఆ సంగతులతో ఆయన రాసిన పుస్తకం 1993లో వచ్చింది. కొత్త తరం సవరలు చాలామంది బాప్టిస్టులయ్యాక ఆ సంభాషణ ఆగిపోయిన తీరు మీద 2017లో మరో పుస్తకం రాశాడు. చనిపోయినవాళ్లకు సవరలు వాడే సోనుం అన్న మాట క్రైస్తవ సవరల నోట సైతానుకు దగ్గరైపోయింది.

మతం మార్చుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. బలులకు అప్పులపాలైన కుటుంబం, సాహుకారు చేతిలో పొలం పోగొట్టుకున్న కుటుంబం, చదువు చెప్పేవాడి వెంట వెళితే అది వాళ్ల వివేకం. బయట కూర్చుని వాళ్ల నిర్ణయాన్ని తూచే హక్కు నాకు లేదు. నా బాధ ఒక్కటే. కొండ మీద తరతరాలుగా మాటకు మాట బదులు పలికేది, మృత్యువు దగ్గర కూడా. మనం అక్కడికి తీసుకువెళ్లిన యంత్రాలు చెప్పడం కోసమే వెళ్లాయి. సర్వే వాళ్లకు వ్యాకరణం కావాలి, మిషన్ వాళ్లకు సువార్త వినిపించాలి. ఊరు తిరిగి ఏమందో అడిగి దాచినవాళ్లు చాలా తక్కువ.

పంతులు గారు ఆ తక్కువమందిలో ఉన్నారు. సవర పాటలు, కథలు వాళ్లు చెప్పినట్టే రాసుకున్నారు. సవరలకు పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. మద్రాసు ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టమన్నారు.

మూడేళ్ల క్రితం ఒక పాస్టరు గారి ఇంట్లో అటక మీద బిస్కెట్ల డబ్బా చూశాను. నిండా క్యాసెట్లు. ఒకదాని మీద బాల్‌పెన్నుతో 'సవర కూడిక, రెండో రోజు' అని మాత్రమే ఉంది. ఊరు లేదు, ఏడాది లేదు. వేసి విన్నాం. వాక్యం మధ్యలో కుక్క మొరిగింది, పిల్ల ఏడ్చింది, ఆడమనిషి ఒకామె గట్టిగా ఏదో అడిగింది. మాతో వచ్చిన సవర కుర్రాడు లేచి నిలబడ్డాడు. అది తన నాయనమ్మ ఊరి యాస అన్నాడు. ఆమె అడిగింది ఇది: మా అమ్మ ఈ మాట వినకుండానే పోయింది, ఆమె ఎక్కడుంటుంది? దుభాషి ఏదో అన్నాడు. టేపు అక్కడ నలిగిపోయింది.

అది ఎవరూ కోయని రికార్డు కాబట్టి ఆమె ప్రశ్న మిగిలింది. 2011 జనగణన ప్రకారం ఈ భాష మాట్లాడేవాళ్లు 4 లక్షలకు పైగా ఉన్నారు. ఇలాంటి క్యాసెట్లు పార్వతీపురం, పాలకొండ, పర్లాకిమిడి చుట్టుపక్కల సంఘాల్లో, పాత మిషన్ బంగళాల్లో ఇంకా ఉంటాయి. తేమకు టేపు బూజు పడుతుంది. పట్టుమని పదేళ్లు కూడా ఆగవు.

పాస్టర్లు, సంఘపెద్దలు ఈ సభలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ డబ్బాలు దింపండి. బోధ బాగా వచ్చిన టేపులతో పాటు గోల ఎక్కువగా ఉన్నవీ తీయండి. కంప్యూటరులోకి ఎక్కించండి. ఊరు, ఏడాది, పాడినవాళ్లు, దుభాషి, ప్రశ్న అడిగినవాళ్లు ఎవరో గుర్తుపట్టగల ముసలివాళ్లు ఉండగానే వాళ్ల దగ్గర కూర్చుని రాయించండి. పేరు రాయొద్దని వాళ్లు అంటే రాయకండి. ఒక నకలు ఆ ఊరికే ఇవ్వండి. ఎక్కించే పనికి మనిషి కావాలంటే నాకు కబురు చేయండి, నేను వస్తాను.