ఆసులో కండె

తీరిక లేక ఇటూ అటూ తిరిగే మనిషిని చూచి "ఆసులో కండెలా తిరుగుతున్నాడు" అంటాము. మగ్గం ఎన్నడూ చూడనివారు సైతం ఈ మాట వాడుతూనే ఉంటారు. ఆసు అనగా నూలును వరుసగా పోసే సాధనము. కండె అనగా నూలు చుట్టిన చిన్న పుల్ల. సామెత నిలిచినది గాని, ఆ పుల్లను గూర్చి ఆలోచించేవారు తక్కువ.

పొడుగాటి దారాన్ని కొద్దిచోటులో ఇమడ్చడమే పని అయితే, దానిని కుప్పగా పోసినా చాలును. కాని కుప్పలోనుంచి తిరిగి తీయబోతే చిక్కు! కండె చేసే మేలు అక్కడ ఉన్నది. తాను పుచ్చుకొన్నదానిని చిక్కు లేకుండా తిరిగి ఇస్తుంది; కాకపోతే వరుస తలక్రిందవుతుంది. చివర చుట్టినది ముందు వస్తుంది.

దారాన్ని రెండు విధాలుగా తీయవచ్చును. ప్రక్కనుంచి లాగితే కండె కూడా తిరగాలి. గాలిపటాల చరఖా ఈ జాతిది. లాగడం ఆపినా అది తన వేగంతో మరి రెండు చుట్లు తిరిగి, వదులైన దారాన్ని పోగుచేస్తుంది. కొసనుంచి లాగితే కండె కదలనక్కరలేదు. అయితే ఊడివచ్చే ఒక్కొక్క చుట్టుకు దారంలో ఒక్కొక్క మెలిక పడుతుంది. నేతగాని నాడెలో ఉండే కండె ఈ రెండవ జాతిది.

కుట్టుమిషను వాడే గృహిణులకు ఒక విసుగు అనుభవమే. పై దారం రీలు నెలల తరబడి వస్తుంది. క్రింది బాబిను మాత్రం జాకెట్టు సగంలో ఉండగానే ఖాళీ అవుతుంది. ఇది చేసినవాని లోభం కాదు. కుట్టు పడాలంటే పైదారపు ఉచ్చు క్రింది బాబినును పూర్తిగా చుట్టి రావాలి. బాబిను పెద్దదైతే ఉచ్చు దానిని దాటలేదు. కనుక అది చిన్నదిగానే ఉండకతప్పదు.

దారం స్థానంలో తీగను చుట్టగానే శాస్త్రలోకంలో మరియొక అధ్యాయం తెరుచుకొన్నది. 1831 ఆగస్టు 29న లండనులో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు వైపులా రాగితీగ చుట్టాడు. చుట్లు ఒకదానినొకటి తగలకుండా ఆయన వాడినవి పురికొస, నూలుగుడ్డ! ఒకవైపు చుట్టను బ్యాటరీకి కలిపినప్పుడూ, విడదీసినప్పుడూ రెండవవైపున అయస్కాంతపు సూది కదిలింది. నేటి ట్రాన్స్‌ఫార్మరుకు అదే పూర్వరూపము. మీ రేడియోలో సైతం స్పీకరు శంకువు మెడకు సన్నని తీగచుట్ట ఒకటి ఉంటుంది. అది అయస్కాంతం నడుమ కంపించినందువల్లనే మా మాట మీ ఇంట వినబడుతున్నది.

మాటలను కూడా చాలాకాలం కండెకే చుట్టి దాచాము. కంప్యూటర్లు రాకముందు, ఏడంగుళాల చక్రంమీద 1200 అడుగుల టేపు ఉండేది. సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున నడిస్తే సరిగా 32 నిమిషాలు. టేపు వేగం మారరాదు గనుక నిండు చక్రం నిదానంగాను, ఖాళీ కావచ్చినది వడివడిగాను తిరిగేది. అందులో ఒక చిత్రం కూడా ఉండేది. ఒక చుట్టులోని శబ్దం ప్రక్క చుట్టుకు కొద్దిగా అంటుకొని, వక్త నోరు తెరవకముందే ఆ మాట నీడ వినబడేది. అందువల్ల కొందరు టేపును వెనక్కు చుట్టకుండా, కొస పైకి ఉండేటట్లే భద్రపరిచేవారు. అప్పుడు ఆ నీడ ఎక్కువగా మాట తరువాత పడి, మాటలోనే కలిసిపోతుంది.

ఇక సామెత పుట్టిన ఇంటికే వద్దాము. నూలు నేతగాని ఇంటికి చిలపలుగా వస్తుంది. దానిని రాట్నంమీద కండెలకు ఎక్కించేది ఎక్కువగా ఆ ఇంటి స్త్రీలు, వృద్ధులు. చూచేవారికి ఇది సులువైన పనిగా తోస్తుంది. చుట్టు వదులైతే నాడె పరుగులో నూలు జారి గుంపుగా ఊడిపడుతుంది; పోగు సాఫీగా రాక బిగిస్తే బట్ట అంచు లోనికి ముడుచుకుంటుంది. అంచు చెడితే నింద నేతగానికి. బాగుంటే మెప్పు కూడా అతనికే.

1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన త్రాడు లాగి నాడెను విసిరే పద్ధతికి పేటెంటు పొందాడు. పేక వేసే వేగం పెరిగినది. కండె అంత త్వరగానూ ఖాళీ కాసాగినది. మగ్గం వేగానికి తగినట్లు రాట్నం త్రిప్పే చెయ్యి కూడా తొందరపడవలసివచ్చింది.

పోచంపల్లి ప్రాంతపు చిటికి నేతలో ఆసు పోయడం ఇంతకన్న కష్టము. రంగు వేయకముందు నూలును మధ్యనున్న మేకుకూ, అర్ధచంద్రాకారంగా నిలిపిన మేకులకూ నడుమ చేతితో త్రిప్పుతారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిదివేలసార్లు ఇటూ అటూ పోవాలి. నాలుగైదు గంటల పని, భుజం నిలువదు. ఆలేరు సమీపాన శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి పడే ఈ బాధ చూచి, ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే, లక్ష్మి అని పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. మన సామెతలోని కండెకు బదులు తిరిగింది ఇన్నాళ్ళూ ఒక తల్లి చెయ్యి అన్నమాట.

యంత్రం భుజాన్ని కాపాడింది. కూలి సంగతి వేరు. మగ్గం కూలిని సాధారణంగా చీరల లెక్కన కడతారు. ఇంటివారు కండె చుట్టిన గంటలు అందులోనే కలిసిపోతాయి. 2019-20 నాటి చేనేత గణన నేతపనివారిని 26 లక్షల 73 వేలుగాను, అనుబంధ పనులవారిని 8 లక్షల 48 వేలుగాను విడిగా చూపింది. అంతవరకు మంచిదే. కూలిపట్టికలో కూడా కండె చుట్టడానికి ఇంత, ఆసు పోయడానికి ఇంత అని వేరు వేరు వరుసలు వ్రాయవచ్చును. అందుకు కొత్త యంత్రమేదీ అక్కరలేదు. పట్టిక వ్రాసేవారు మరి రెండు గీతలు గీస్తే చాలును.