బాగున్ననాటి వ్రాత

జ్వరము వచ్చినవానిని చూచుటకు వీధివారందరును వత్తురు. మనస్సునకు జబ్బుచేసినవాని ఇంటిలో మాత్రము మనము అడుగుపెట్టము. పెట్టినను అతని సంగతి ఇంటివారిని అడుగుదుము గాని అతనిని అడుగము. "అతనికేమి తెలియును?" అను భావము మనలో అంతగా పాతుకొనిపోయినది. ఆ భావమును ప్రశ్నించిన యొక ప్రయత్నమునుగూర్చి నేడు ముచ్చటించుకొందము.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున 1997లో మనోవ్యాధితో కష్టపడినవారు కొందరు ఒకచోట కూడిరి. వారిలో మేరీ ఎలెన్ కోప్లండ్ అను నామె యుండెను. ఆమె ఆ వ్యాధిని స్వయముగా అనుభవించెను. సంవత్సరములకొలది ఆసుపత్రిలో నుండిన తన తల్లి కోలుకొనుటయు చూచెను. ఏమి చేసినచో నెమ్మది కలుగుచున్నదో వారు ఒకరికొకరు చెప్పుకొనిరి. ఆ అనుభవములనుండి పుట్టినదే స్వస్థతా ప్రణాళిక. దీనిని క్లుప్తముగా 'ర్యాప్' అందురు.

దీనికి కావలసినవి ఒక నోటుపుస్తకము, ఒక కలము. తనకు మేలుచేయు పనులను మొదట వ్రాసికొనవలెను: వేళకు నిద్ర, ఉదయపు నడక, స్నేహితునితో నాలుగు మాటలు. పిదప ప్రతిదినము తప్పక చేయవలసినవి. ఆపైన తన్ను కలవరపెట్టు సంగతులు. ఆ వెనుక వ్యాధి తిరుగబెట్టుటకు ముందు కానవచ్చు గుర్తులు. ఒకరికి నిద్ర తగ్గును. వేరొకరు పలుకరించినను పలుకరు. ప్రతి గుర్తు ప్రక్కను చేయవలసిన పనియు ఉండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కష్టకాలపు భాగము. తన నిర్ణయము తాను చేయలేని దశ వచ్చినచో ఎవరిని పిలువవలెను, ఏ మందు సరిపడును, ఏది సరిపడదు, పిల్లలను ఎవరు చూడవలెను అనునవి బాగున్ననాడే వ్రాసి నమ్మినవారి చేతికిచ్చుట దీని రీతి. తేరుకొనిన పిదప మెల్లగా పనులలోనికి వచ్చు క్రమమునకు మరియొక భాగము కలదు.

ఈ ప్రణాళికను వైద్యుడు గాని, తండ్రి గాని వ్రాయరాదు. ఎవరిది వారే వ్రాసికొనవలెను. అట్లని ఒంటరిగా వ్రాయనక్కరలేదు. ఆ త్రోవను నడిచివచ్చినవాడు ప్రక్కన కూర్చుండును. అతడు ఉపదేశింపడు; "నాకును ఇట్లే ఉండెడిది" అనును. ఇట్టి తోడును జార్జియా రాష్ట్రము 1999లో ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద సొమ్ము చెల్లింపదగిన సేవగా గుర్తించినది.

అయిన మందులు మానవచ్చునా? మానరాదు. ఈ పుస్తకము వైద్యమునకు తోడే గాని బదులు కాదు.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇట్టి తలంపునకే చోటిచ్చినది. తనకు ఎట్టి చికిత్స కావలెనో, ఎట్టిది వలదో వయోజనులెవరైనను ముందుగా వ్రాసి యుంచవచ్చును. తమ పక్షమున నిలుచు ప్రతినిధిని నియమించుకొనవచ్చును. అత్యవసర చికిత్సకు ఈ వ్రాత వర్తింపదు. ఇంటి నోటుపుస్తకమునకు తానుగా ఆ బలము రాదు. చట్టము కోరిన పద్ధతి పాటింపవలెను. 2022లో ఆరంభమైన టెలిమానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి సలహాయు పొందవచ్చును.

అయినను చదివి మన్నించువారు లేనిచో వ్రాత వట్టి కాగితమే. కంగారులో మనకు తోచినది చేయుట సులభము. కావున మన ఇంట అట్టివారున్నచో, వారు నెమ్మదిగా నున్న యొక సాయంకాలము, "కష్టము వచ్చినప్పుడు మేమేమి చేయవలెను?" అని వారినే అడుగుదము. ఆ దినము వచ్చినప్పుడు, బాగున్ననాడు వారు చెప్పిన మాటను మరువకుందము.